పొట్టు విడవని గోధుమ

మీకు కొత్తగా ఉద్యోగం ఇచ్చినవాళ్ళు మొదటి వారమంతా మిషన్లు చూపిస్తారు. తేమ కొలిచేది, బరువు తూచేది, గింజను పొడిచేసి పరీక్షించేది. అన్నీ నేర్చుకోండి. కాని గింజను ఎలా చూడాలో ఎవరూ చూపించరు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఫుడ్ సైన్సులో ఎమ్మెస్సీ చేసి ఇక్కడ ఐర్లండు మిల్లుల ల్యాబుల్లో చేరుతున్న మన పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళలో ఒకరిద్దరు ఫోను చేసి ఇంటర్వ్యూకి ఏం చదవాలంకుల్ అని అడిగారు. అది నాకు తెలియదు. ఉద్యోగంలో ఏం చూడాలో మాత్రం, మా పక్కవీధి పిల్ల మూడు వారాలు మంచం పట్టాక తెలిసింది.

ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. నాకు వచ్చినవి రెండే. రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

ఎమ్మెస్సీ చదివి ఏరుకోవడం

మాది గుడివాడ దగ్గర పల్లె. బాటనీలో ఎమ్మెస్సీ చేసి అక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా భార్య ఇందిరకు ఐర్లండులో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాను. కొన్నాళ్ళు ఇంట్లో వంట చేశాను. తర్వాత, మేముండే నేస్ అనే ఊరికి అరగంట దూరంలో ఒక ఓట్స్ మిల్లు ల్యాబులో చేరి, పద్దెనిమిదేళ్ళు చేసి రిటైరయ్యాను.

పని ఏమిటంటే, రైతు దగ్గర నుంచి ఓట్స్ లారీ వస్తుంది. పొడవాటి ఇనుపగొట్టాన్ని గింజల్లోకి దింపి పదిచోట్ల నుంచి నమూనా తీస్తాం. దాన్ని తెల్ల పళ్ళెంలో పరిచి, చిన్న పట్టకారుతో గింజ గింజా జరుపుతూ చూస్తాం. ఓట్స్ కానిది కనపడితే పక్కకు తీసి లెక్కపెడతాం. లెక్క దాటితే లారీ వెనక్కి పోతుంది. అంతే. మా బావమరిది ఫోనులో, "ఏం బావా, ఎమ్మెస్సీ చదివి బియ్యం ఏరుకుంటున్నావంట?" అని అడిగాడు. బియ్యం కాదురా, ఓట్స్ అన్నాను. ఇంకా గట్టిగా నవ్వాడు.

ఏరడం ఎందుకంటే, మా మిల్లు ఓట్స్ తినేవాళ్ళలో సీలియాక్ జబ్బున్నవాళ్ళు ఎక్కువ. గోధుమలోని గ్లూటెన్ వాళ్ళ పేగును లోపలినుంచి పాడుచేస్తుంది. బార్లీ, రై కూడా అంతే. ఈ దేశంలో ఏ వీధిలో అడిగినా ఆ జబ్బున్నవాళ్ళు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. వాళ్ళలో చాలామంది ఓట్స్ తినొచ్చు, వాటిలో గోధుమ కలవకపోతేనే. ఓట్స్ పండే పొలం గట్టు అవతల గోధుమ పండుతుంది. కోసే మిషను ఒకటే, తోలే ట్రాలీ ఒకటే. అందుకని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కూర్చుని ఏరాలి. ఆ ఒకణ్ణి నేను.

పదిహేను మార్కుల ప్రశ్న

గోధుమ అంటే ఒక మొక్క కాదు. ట్రిటికమ్ అనే ప్రజాతి, దానిలో కొన్ని జాతులు. ఎమ్మెస్సీ పరీక్షలో ఇది పదిహేను మార్కుల ప్రశ్న. పద్నాలుగు క్రోమోజోములున్న ఐన్‌కార్న్ మొదటిది. ఇరవై ఎనిమిదున్నవి ఎమ్మర్, డ్యూరమ్. ఎమ్మర్‌ని మన దేశంలో ఖప్లీ గోధుమ అంటారు, డ్యూరమ్‌తో పాస్తా చేస్తారు. నలభై రెండున్నవి మనం చపాతీకి వాడే మామూలు గోధుమ, స్పెల్ట్. ఇన్ని పేర్లున్నా సీలియాక్ ఉన్నవాళ్ళకి అన్నీ ఒకటే. ఏది తిన్నా పడుకోవాల్సిందే.

ఆ జవాబులో ఇంకో వాక్యం కూడా రాశాను. మామూలు గోధుమనీ డ్యూరమ్‌నీ నూర్చగానే గింజ పొట్టు నుంచి ఊడి బయటికొస్తుందనీ, ఐన్‌కార్న్, ఎమ్మర్, స్పెల్ట్ నూర్చినా పొట్టు విడవవనీ. దానికి కూడా మార్కులు పడ్డాయి. రాసినవాడు వాటిని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

మాది వరి దేశం. పొట్టుతో ఉంటే వడ్లు, పొట్టు తీస్తే బియ్యం. మా అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళతో పాటు వడ్లగింజల్ని కూడా ఏరిపారేసేది. నేను చిన్నప్పుడు పక్కన కూర్చుని ఏరేవాణ్ణి. నా కళ్ళకు ఆ అలవాటు అక్కడే వచ్చింది, దాని మీదే ఇక్కడ బతికాను. గోధుమలు మాత్రం మాకు కొట్లోంచి వచ్చేవి. బోడిగా, ఎర్రగా, నడుమ గీతతో. గోధుమ అంటే నా కంటికి అదే. గోధుమకి కూడా వడ్లుంటాయని నా బుర్రకు తెలుసుగాని నా కంటికి తెలియదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

డెక్లన్ పళ్ళెం

నాకు పని నేర్పింది డెక్లన్. నేను చేరేనాటికే అరవై దాటినవాడు. పాడిరైతు కొడుకు, పెద్దగా చదువుకోలేదు, మాట్లాడేది అంతకంటే తక్కువ. మొదటిరోజు నా ముందు పళ్ళెం పెట్టి వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చి ఎన్ని అన్నాడు. ఆరు గోధుమలు అన్నాను గర్వంగా. పళ్ళెం నా ముందుకే తోసి మళ్ళీ చూడమని వెళ్ళిపోయాడు. ఏడో గింజ దొరకడానికి ఇంకో అరగంట పట్టింది. ఏడూ ఆయనే లెక్కపెట్టి వేశాడట. బాగా చేశావని అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ వారంలోనే ఇంకో పనికిమాలిన పని చేశాను. పళ్ళెంలో దొరికిన గోధుమ గింజని, మా ఊళ్ళో ఆరిందో లేదో చూడ్డానికి వడ్లగింజ కొరికినట్టు, పంటికింద వేసి కొరికాను. డెక్లన్ నోరు తెరుచుకుని చూశాడు. లెక్కలో రాయాల్సిన గింజని తినేసినవాణ్ణి ఇన్నేళ్ళలో నిన్నే చూశానన్నాడు. ఆయన నాతో మాట్లాడిన పెద్ద వాక్యాల్లో అదొకటి.

ఆయన ల్యాబులో ఒక్కటే నియమం. ఒక పళ్ళాన్ని ఇద్దరు చూడాలి. మొదటివాడు తన అంకె కాగితం మీద రాసి బోర్లా పెట్టాలి. రెండోవాడు ఆ అంకె చూడకుండా తను చూసి, తన అంకె రాయాలి. తర్వాత రెండు కాగితాలూ తిప్పాలి. అంకెలు కలవకపోతే మళ్ళీ మొదటినుంచి. లారీ డ్రైవరు బయట ఎంత హారను కొట్టినా సరే. కొత్తలో నాకిది అవమానంగా ఉండేది. నా కళ్ళ మీద నమ్మకం లేదా అనుకునేవాణ్ణి. నమ్మకం లేదు, నిజమే. తన కళ్ళ మీద కూడా ఆయనకు నమ్మకం లేదు. ఆ సంగతి నాకు ఎక్కాల్సినంత ఎక్కలేదు.

ఇంకొకటి. రైతులు లారీతో వచ్చినప్పుడు ల్యాబులోకి వచ్చి టీ తాగేవాళ్ళు. వానల గురించి, ఆవుల గురించి, కిందటేడు ఏ చేలో ఏం వేశారో, ఎవడి మిషను అద్దెకు తెచ్చుకున్నారో చెబుతుండేవాళ్ళు. డెక్లన్ వింటున్నట్టు ఉండేవాడు కాదు. వాళ్ళు వెళ్ళాక ఒక్కోసారి, దీన్ని ఇంకోసారి చూద్దాం, కిందటేడు ఆ చేలో బార్లీ ఉంది అనేవాడు. నేను కబుర్లనుకున్నది ఆయనకు పరీక్షలో సగం.

గ్రాండ్ అన్నాను

డెక్లన్ రిటైరయ్యాక ల్యాబుకు పెద్దగా నోరీన్ వచ్చింది. చదువుకున్న మనిషి, ముక్కుసూటిగా ఉంటుంది. ఆమె వచ్చిన కొన్నేళ్ళకి కరోనా వచ్చింది.

లాక్‌డౌన్ మొదటి వారాల్లో షాపుల్లో పిండి లేదు, ఓట్స్ లేవు. మిల్లు ఆపకుండా తిప్పినా చాలలేదు. మాలో ఒకరికి జబ్బు వస్తే అందరూ ఇంట్లో కూర్చోవలసి వస్తుందని ల్యాబుని రెండు షిఫ్టులు చేశారు. ఒక షిఫ్టువాళ్ళ మొహం ఇంకో షిఫ్టువాళ్ళు చూడకూడదు. నా షిఫ్టులో నేను ఒక్కణ్ణే మిగిలాను. డ్రైవర్లు లారీ దిగకూడదు. ల్యాబులో టీ లేదు, కబుర్లు లేవు. కిటికీలోంచి ఒక ఫారం వచ్చేది. కిందటేడు ఆ పొలంలో గోధుమ, బార్లీ, రై వేశారా, అవునా కాదా అని అందులో ఒక ప్రశ్న ఉండేది.

నోరీన్ నన్ను పక్కకు పిలిచి, పళ్ళెం ఒక్కడివే చూడగలవా, లేకపోతే ఇంకేదైనా దారి చూస్తానంది. నిజంగానే అడిగింది, మొహమాటానికి కాదు. నేను "గ్రాండ్" అన్నాను. సరే, బాగుంది, ఫరవాలేదు, ఈ దేశంలో దేనికైనా ఆ మాట చాలు. ఇన్నేళ్ళ అనుభవం, నాకు రెండోవాడెందుకు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. నా కళ్ళజోడు మాస్కు ఆవిరికి మసకేసేది. తుడుచుకుంటూ చూసేవాణ్ణి.

జోయానా

మా ఇళ్ళ కాలనీలో పక్కవీధిలో గ్రేస్ ఉంటుంది. ఒంగోలు అమ్మాయి, బోమాంట్‌లోని పెద్దాసుపత్రిలో నర్సు. ఒకప్పుడు ఇందిర దగ్గర పని నేర్చుకుంది కాబట్టి మాకు సొంత పిల్లలాంటిది. భర్త డేవిడ్ ఒక గోడౌనులో చేస్తాడు. వాళ్ళమ్మాయి జోయానాకి అప్పుడు పదకొండేళ్ళు. ఇక్కడే పెరిగింది. మనం తెలుగులో మాట్లాడితే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులో ఇస్తుంది.

ఆ పిల్లకి సీలియాక్. అదేమిటో తేలేవరకు తిన్నది ఒంటపట్టక పుల్లలా ఉండేది. తేలిన తర్వాత డాక్టర్లు ఓట్స్ తినొచ్చన్నారు. అప్పుడు గ్రేస్ నన్నే అడిగింది, ఏ ఓట్స్ పెట్టమంటారంకుల్ అని. మా మిల్లువి పెట్టు, నా చేత్తో ఏరినవి, భయపడకు అన్నాను. ఏడాదిలో పిల్ల నిండుగా అయింది. మిల్లులో మాకిచ్చే ప్యాకెట్లు నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. లాక్‌డౌన్‌లో వాళ్ళ గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, దూరంగా నిలబడి చెయ్యి ఊపి వచ్చేవాణ్ణి. జోయానాకి నా పని అంటే సరదా. ఈరోజు ఎన్ని దొంగగింజల్ని పట్టుకున్నావని కిటికీలోంచి అడిగేది.

ఆ వసంతంలో గ్రేస్‌కి కోవిడ్ వార్డులో డ్యూటీ పడింది. కొద్దిరోజులకే జోయానాకి కడుపునొప్పి, వాంతులు, నీరసం. పిల్లల్లో కోవిడ్ అలా కూడా వస్తుందని గ్రేస్ విన్నది. పరీక్షలో లేదని వచ్చింది. పరీక్ష తప్పయి ఉంటుందనుకుంది. ఫోనులో వాళ్ళ మామూలు డాక్టరు గోధుమ ఏమైనా తిన్నదా అని అడిగితే, లేదని డేవిడ్ ప్రమాణం చేసినట్టు చెప్పాడు. అతనికి తెలిసినంతవరకు అది నిజమే. ఆసుపత్రి నుంచి తనే తెచ్చి పిల్లకి అంటించిందని గ్రేస్‌కి మనసులో పడిపోయింది. ఇంకా తేకూడదని, బోమాంట్‌లో తోటి నర్సు గదికి వెళ్ళిపోయింది. డేవిడ్ పిల్లని చిన్నగదిలో పెట్టి, తలుపు దగ్గర తిండి పెట్టేవాడు. ఏదీ ఇమడటం లేదని, కడుపుకు తేలిక అని, రోజుకు మూడుపూటలా ఓట్స్ గంజే పెట్టేవాడు.

గ్రేస్ ఇందిరకు ఫోను చేసి ఏడ్చేది. నేను పక్కనుంచి ధైర్యం చెప్పేవాణ్ణి. గంజి మానొద్దమ్మా, అదే బలం అని కూడా చెప్పాను. ఆ మాట అన్నది నేనే. నేను మర్చిపోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

మూడో వారం ఆదివారం పొద్దున, గుమ్మం దగ్గర కొత్త ప్యాకెట్టు పెట్టి, కిటికీ కింద నిలబడి జోయానాని పలకరించాను. మొహం పీక్కుపోయింది, కళ్ళు లోపలికి పోయాయి. తింటున్నావామ్మా అన్నాను. తింటున్నానంది. గంజిలో గోధుమరంగు రేకులు వస్తున్నాయనీ, వాటిని ఏరి పక్కన పెడుతున్నాననీ ఇంగ్లీషులో చెప్పింది.

"నువ్వు చేస్తావు చూడు అంకుల్, అలాగే" అంది, అదీ ఇంగ్లీషులోనే.

కిటికీ గట్టు మీద పాలసీసా మూత పెట్టింది. దాన్ని నాకు కనపడేలా వంచింది. అందులో ఎర్రగా, అప్పచ్చుల్లా నలిగిన రేకులు పది పన్నెండున్నాయి. నడుమ గీత కూడా కనపడుతోంది. గంజి తినొద్దు, ఒక్క చెంచా కూడా వద్దు అని డేవిడ్‌ని పిలిచి అరిచినట్టు చెప్పాను. నేను అలా అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు. కంటికి కనపడిన రేకులు ఏరేస్తే చాలదు. నలిగిన గోధుమ పిండి మిగతా గంజి నిండా ఉంటుంది. పాపం, ఆ పిల్లకి తెలిసింది నేను నేర్పినంతే.

నా సంతకమున్న సంచి

ప్యాకెట్టు మీది నంబరు చూస్తే అవి ఏ లారీల గింజలో తెలుస్తుంది. ప్రతి లారీ నుంచి తీసిన నమూనాలో కొంత, సంచిలో కట్టి అలమారలో ఏడాది దాచుతాం. నోరీన్‌కి ఫోను చేసి, ల్యాబు తెరవాలి, కారణం అక్కడికొచ్చి చెబుతానన్నాను. ఆమె మాస్కు పెట్టుకుని నాకంటే ముందే వచ్చి తలుపు తీసి ఉంచింది.

ఆ నంబరులో కలిసిన లారీలు నాలుగు. నాలుగు సంచుల మీదా నా సంతకమే, ఒక్క సంతకమే. మొదటి రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడోది పళ్ళెంలో పోశాను. ఎర్రగింజ కోసం వెతికాను. చివరిదాకా చూశాను, ఒక్కటీ లేదు. నేను ఇదివరకు చూసినప్పుడు కూడా ఇంతే కదా, తప్పు నాది కాదేమో అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఒక ఓట్స్ గింజ పట్టకారుకి అడ్డంగా తగిలింది. కొంచెం లావుగా ఉంది, కింద చిన్న పుల్లముక్క అంటుకుని ఉంది. గోటితో నొక్కాను, ఓట్స్ పొట్టులా లొంగలేదు. చీల్చాను. లోపల రెండు గోధుమ గింజలు, పక్కపక్కన, ఎర్రగా.

స్పెల్ట్. పొట్టు విడవని గోధుమ. ముప్పై అయిదేళ్ళ కిందట పరీక్షలో నేను రాసిన వాక్యం.

ఒకటి కనపడ్డాక మిగతావన్నీ కనపడ్డాయి. అదే పళ్ళెం, అవే కళ్ళు. పదకొండు తీశాను. అవన్నీ ఒకసారి నా పట్టకారు కిందనుంచి వెళ్ళినవే, వాటిని ఓట్స్ అనుకుని నేనే పక్కకు జరిపాను. బియ్యంలో ఒక్క వడ్లగింజ ఉంటే ఇట్టే పట్టే కన్ను, గోధుమ పొట్టు వేసుకుని వస్తే పోల్చుకోలేదు. రంగుని బట్టి గింజని వేరుచేసే మిషను కూడా పొట్టు చూసి ఓట్స్ అనుకుంది. తర్వాత మిల్లులో పొట్టు తీశారు, గోధుమ బయటపడింది. గ్లూటెన్ ఉందేమోనని చిటికెడు పొడి తీసి చేసే పరీక్షలో ఆ చిటికెడులో ఇది పడలేదు.

ఆ ఫారం తీసి చూశాం. గోధుమ, బార్లీ, రై వేశారా అన్నదానికి రైతు కాదని రాశాడు. నోరీన్ అక్కడినుంచే అతనికి ఫోను చేసింది. కిందటేడు ఆ చేలో స్పెల్ట్ వేశానన్నాడు. గోధుమ ఎందుకవుతుంది, అది స్పెల్ట్ కదా అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. పాత రోజుల్లో అయితే టీ తాగుతూ ఆ స్పెల్ట్ సంగతి అరగంట చెప్పేవాడు.

ఎవరికి చెప్పాలి

నోరీన్ గురించి నా అభిప్రాయం ఆరోజే స్థిరపడింది. ఇది ఇంకెవరికి తెలుసు అని ఆమె అడగలేదు. పదకొండు పొట్టు గింజల్నీ చాలాసేపు చూసి, నెమ్మదిగా మళ్ళీ చెప్పు, రాసుకుంటానంది. మధ్యాహ్నంలోగా ఆ నంబరు ప్యాకెట్లన్నీ షాపుల నుంచి వెనక్కి తెప్పించమని పైవాళ్ళతో చెప్పింది. పైవాళ్ళలో ఒకాయన ఫోనులో, ఫారం మీద రైతు తప్పు రాశాడుగా, దాని మీద పెడదాం అన్నాడు. "ఇద్దరు చూసే నియమం ఎత్తేసింది నేను, సరేనన్నది ఇతను, అలాగే రాస్తాను" అని నోరీన్ నావైపు చూపిస్తూ చెప్పి ఫోను పెట్టేసింది. నాకు కోపం రాలేదు. నన్ను కాపాడి ఉంటే ఇంకా కుంగిపోయేవాణ్ణి.

మిల్లు సంగతి ఆమె చూసుకుంది. గ్రేస్ సంగతి నేనే చూసుకోవాలి. కారులో కూర్చుని ఫోను చేశాను. డ్యూటీ దిగి ఆసుపత్రి కారు పార్కులో ఉన్నానంది. ఏమంకుల్, పిల్లకేమైనా అయిందా అని ఆదుర్దాగా అడిగింది.

"లేదమ్మా. దానికి వచ్చింది కోవిడ్ కాదు. నీ నుంచి రాలేదు. నేనిచ్చిన ఓట్స్‌లో గోధుమ ఉంది, నేను చూడలేదు" అన్నాను.

వెనక కార్ల చప్పుడు వినపడుతోంది. గ్రేస్ గొంతు పెంచలేదు.

"మూడు వారాల నుంచి రోజూ దేవుణ్ణి క్షమించమని అడుక్కుంటన్నా అంకుల్, నేను చెయ్యని దానికి."

ఫోను పెట్టేసింది. నేను కారు తియ్యలేకపోయాను. ఇన్నేళ్ళలో నా పని తప్పితే ఎవరికి ఏమవుతుందో నాకు తెలుసనే అనుకున్నాను. పేగు పాడవుతుంది, రక్తం తగ్గుతుంది, పుస్తకంలో ఉన్నవన్నీ తెలుసు. ఒక తల్లి తన బిడ్డకి తనే విషమనుకుని ఇల్లు వదిలిపోతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, గ్రేస్ కారు వచ్చింది. మా మేడమీద కిటికీలోంచి వాళ్ళ గుమ్మం కనపడుతుంది. ఆమె సంచి గేటు దగ్గరే పడేసింది. జోయానా తలుపు తీసి నిలబడింది. అలవాటుకొద్దీ ఇద్దరూ రెండు మీటర్ల దూరంలో ఆగిపోయారు. తర్వాత గ్రేస్ మెట్లమీదే కూలబడి చేతులు చాచింది. అంతవరకే చూసి నేను కిటికీ దగ్గర నుంచి వచ్చేశాను.

మిగిలింది

ఓట్స్ మానేసిన వారానికి వాంతులు ఆగాయి. పేగు కుదురుకోవడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో గ్రేస్ మాతో మాట్లాడలేదు. ఇందిరకు మాత్రం పండగలకి మెసేజ్ పెట్టేది. నేను ఎదురుపడితే తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయేది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మిల్లులో నేను ఆ తర్వాత ఒక సంవత్సరం చేశాను. ఇద్దరు చూసే నియమం ఆ సోమవారమే తిరిగి వచ్చింది. గాజుతలుపుకి అటొకరు ఇటొకరు కూర్చుని, పళ్ళెం కిటికీలోంచి మార్చుకునేవాళ్ళం. అంత తేలిక పని మొదటిరోజే చేసి ఉండొచ్చు. ఎవరికీ తట్టలేదు, నాకు తట్టనివ్వలేదు నా గర్వం. ఫారంలో స్పెల్ట్, ఎమ్మర్, ఐన్‌కార్న్ పేర్లు విడిగా రాయించాం. కొత్తగా చేరినవాళ్ళకి చూపడానికి పొట్టుతో ఉన్న గోధుమలన్నీ సీసాల్లో పోసి పెట్టాను. మీరు చేరే ల్యాబులో అలాంటి సీసాలు లేకపోతే అడగండి. చదివిన జాతి పేరు చాలదు. దాన్ని ఓట్స్‌లో కలిపి, పళ్ళెంలో వేసి, ఏరి చూడండి. రైతు కబుర్లు చెబితే వినండి. ఒక్కడివే చెయ్యగలవా అని ఎవరైనా మర్యాదగా అడిగితే, చెయ్యలేనని చెప్పండి.

రిటైరైన తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఒకరోజు జోయానా మా ఇంటికి వచ్చింది. అప్పటికి పొడవు సాగింది. వెనకతోటలో బల్ల దగ్గరికి వచ్చి ఓట్స్ ప్యాకెట్టు పెట్టింది. కొత్తది, షాపులో కొన్నది, మా మిల్లుదే. రక్తపరీక్ష బాగుందని, ఓట్స్ మళ్ళీ మొదలుపెట్టొచ్చని డాక్టరు చెప్పాడట. ప్యాకెట్టుకు అంటించిన కాగితం మీద గ్రేస్ చేతిరాత ఉంది.

"అంకుల్, చూసి ఇవ్వండి. ఒక్కరే చూడొద్దు."

ప్యాకెట్టు ఏరితే జబ్బు రాదని చెప్పలేమనీ, పిండైపోయినది కంటికి కనపడదనీ నాకు తెలుసు. గ్రేస్‌కీ తెలుసు. నేను లోపలికెళ్ళి తెల్లపళ్ళెం, రెండు కాగితాలు, రెండు పెన్సిళ్ళు తెచ్చాను. పట్టకారు ఒకటే ఉంది, దాన్ని తనకిచ్చాను. నేను వేలితోనే జరిపాను. ముందు నేను చూసి, అంకె రాసి కాగితం బోర్లా పెట్టాను. తర్వాత తను చూసింది. తొందరపడలేదు. ఒక్కో రేకు తిప్పి చూసింది.

కాగితాలు తిప్పాం. నాది సున్నా. తనదీ సున్నా. నేను పళ్ళెం ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"మళ్ళీ చూద్దాం."